బ్రాకెట్లో మాట

గడపమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. కూరగాయల కొట్టతను మొదలుకుని కళ్ళ డాక్టరు దాకా అందరికీ ఆమె గడపమ్మే. ఎప్పుడో వయసులో ఉండగా వేసిన ఒక వేషం అలా మీద పడి, ఇక వదల్లేదు.

ఆ వేషం ‘రోడ్డు వస్తోంది’ అనే నాటకంలోది. కథ చిన్నదే. రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఇళ్ళు కొట్టేస్తుంటారు. బట్టలు ఇస్త్రీ చేసుకుని బతికే ఒక ఒంటరి ఆడమనిషి ఇల్లు మాత్రం మిగిలిపోతుంది. అధికారి మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. ఆమె మారు మాట్లాడకుండా వచ్చి గడప మీద కూర్చుంటుంది. “లే!” అని అరుస్తాడు అధికారి. ఆమె తలెత్తి చూస్తుంది. “ఇది నా గడప,” అంటుంది. ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత, ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు, చల్లగా, “లేవదు,” అంటుంది.

అంతే, తెర పడుతుంది.

లేవనిది ఎవరు? ఆ ఆడమనిషా, ఆ గడపా? ఆ ఒక్క మాటా ఇద్దరికీ సరిపోతుంది. “లేవను” అని ఉంటే అది ఒక మనిషి మొండితనంగా మిగిలేది. “లేవదు” అనేసరికి ఇల్లూ, గడపా, దాని మీద కూర్చున్న మనిషీ కలిసి ఒకే బండరాయి అయిపోయేవి. హాలు కాసేపు ఊపిరి బిగబట్టేది. ఆ తర్వాత చప్పట్లకు పైకప్పు రేకులు లేచిపోతాయేమో అన్నట్టుండేది.

ఆ మాట నాటకం దాటి బయటికి వెళ్ళిపోయింది. ఆఫీసులో ఎవరినైనా కుర్చీ ఖాళీ చెయ్యమంటే “లేవదు” అని వేళాకోళం ఆడేవారు. అలిగి కూర్చున్న పిల్లలు అనేవారు. ఒకసారి మిల్లు గేటు ముందు బైఠాయించిన ఆడవాళ్ళు నిజంగానే, అందరూ ఒక్క గొంతుతో అన్నారట. ఆ సంగతి తెలిసిన రోజు గడపమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు.

అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు.

చదువు రాకుండా అంత నాటకం ఎలా వేసింది అంటే, దానికి ఆమె మొగుడు ఉన్నాడు. నాటక సమాజంలో అతను ప్రాంప్టరు. పక్క తెర వెనక నిలబడి, మాట మరిచిపోయిన నటుడికి గుసగుసగా అందించే పని. ఇంటి దగ్గర పెళ్ళానికి పాఠం చెప్పే పని కూడా అతనిదే. ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ చదివేవాడు. ఆమె చేసే పని చేసుకుంటూ వినేది. విన్నది విన్నట్టు పట్టేసేది. వాళ్ళిద్దరికీ ఒక గుర్తు ఉండేది. చదువుతూ చదువుతూ బ్రాకెట్లో మాట వస్తే అతను కుడిచేతి చూపుడువేలు పైకెత్తేవాడు. వేలు లేచిందంటే అది చెయ్యాల్సిన సంగతి. వేలు లేవలేదంటే అది పైకి అనాల్సిన మాట. అంతకు మించి ఒక్క ముక్క వివరం ఉండేది కాదు. అవసరమూ ఉండేది కాదు.

అతను పోయాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అతని పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. తన నాటకాలన్నీ వాటిలోనే ఉన్నాయి. తెరిస్తే నల్లటి చీమల బారులు. “నా మాటలు నాకే ఎవరో చదివి పెట్టాలా?” అని ఒకరోజు గడపమ్మకు రోషం వచ్చింది. కూతురి దగ్గర కూర్చుంది. కూతురు దర్జీ. మిషను తొక్కుతూనే అక్షరాలు దిద్దించింది. తల్లి వత్తు మరిచిపోతే, “అమ్మా, నువ్వు కాజా కుట్టకుండా గుండీ పెడుతున్నావు,” అనేది. బస్సుల బోర్డులూ, మందుల డబ్బాలూ దాటి, చివరికి మొగుడి పుస్తకాల దాకా వచ్చింది గడపమ్మ. వేలు కింద పెట్టుకుని, మెల్లగా, కానీ తడుముకోకుండా చదువుతుంది.

సరిగ్గా అలాంటప్పుడే పిలుపు వచ్చింది.

పాత నాటకశాలలో వారం వారం సాయంత్రం పూట నాటకాల చరిత్ర మీద ఉపన్యాసాలు జరుగుతున్నాయి. ఊరికే ఉపన్యాసం అయితే జనం ఆవులిస్తారని, మధ్యమధ్యలో నటులతో పాత నాటకాల్లోని ఘట్టాలు చదివిస్తున్నారు. వేషాలు, తెరలు ఏమీ ఉండవు. వేదిక మీద కాగితం చూసి చదవడమే. ఉపన్యసించే ఆవిడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మనిషి సన్నగా ఉన్నా గొంతు గట్టిది. ఆమె స్వయంగా ఇంటికి వచ్చింది.

“అమ్మా, ‘రోడ్డు వస్తోంది’ చివరి రంగం మీరే చదవాలి. మీకెలాగూ నోటికి వచ్చు కదా, కాగితం ఊరికే చేతిలో ఉంటే చాలు.”

“ఊరికే ఎందుకుంటుందమ్మా? చూసే చదువుతాను,” అంది గడపమ్మ. ఆమె చీర కొంగు భుజం మీద సర్దుకున్న తీరు చూసి కూతురు పక్కకు తిరిగి నవ్వుకుంది.

కాగితాలు వచ్చాయి. గడపమ్మ పొద్దున్నే కళ్ళద్దాలు తుడుచుకుని వాటి ముందు కూర్చునేది. రంగం మొదట్లో పక్కింటివాళ్ళతో పెద్ద వాదన ఉంది, అందులో కష్టమైన మాటలున్నాయి. వాటినే మళ్ళీ మళ్ళీ చదువుకుంది. చివరి పేజీ తిప్పనే లేదు. దాన్ని చూడాల్సిన పనేముంది? నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

అక్కడే వచ్చింది చిక్కంతా.

రిహార్సల్ నాటకశాల వెనక గదిలో జరిగింది. గోడల నిండా పాత పోస్టర్లు, మూలన ఒక కాలు పొట్టిదైన బల్ల. అధికారి మాటలు చదవడానికి ఒక కుర్ర నటుడు వచ్చాడు. టీవీలో ఎప్పుడూ పోలీసు వేషాలే వేస్తాడట. గడపమ్మను చూడగానే వంగి దండం పెట్టాడు.

“పెద్దమ్మా, మీ మీద అరవాలంటే నాకు గొంతు రావడం లేదు.”

“రాకపోతే ఎలా నాయనా? నువ్వు గట్టిగా అరిస్తేనే కదా నాకు బలం. మీ ఇంట్లో నీ మీద ఎవరు అరుస్తారో వాళ్ళని తలుచుకో.”

“మా ఆవిడ.”

“సరిపోయింది. ఆ అమ్మాయిలాగే అరిచెయ్.”

ఉపన్యాసకురాలు నవ్వుతూ చెప్పింది: “బ్రాకెట్లలో ఉన్నవన్నీ నేను చదువుతాను. ఎవరు కూర్చున్నారో, ఎవరు వెళ్ళారో వినేవాళ్ళకి తెలియాలి కదా. మీ మాటలు మాత్రం మీరు చదవండి.”

మొదలుపెట్టారు. గడపమ్మ వేలు కాగితం మీద సాగుతోంది. పక్కింటివాళ్ళ వాదన గట్టెక్కింది. “అధికారి ప్రవేశం,” అంది ఉపన్యాసకురాలు. పేజీ తిప్పారు. “గడప మీద కూర్చుంటుంది,” అంది. కుర్రవాడు “లే!” అని అరిచాడు, పెళ్ళాన్ని బాగానే తలుచుకున్నట్టుంది. గడపమ్మ తలెత్తింది.

“ఇది నా గడప.”

అలవాటు ప్రకారం ఆగింది. అలా ఆగినప్పుడు పక్కనుంచి ఉపన్యాసకురాలి గొంతు మామూలుగా, కుర్చీ జరిపినంత తేలిగ్గా అనేసింది:

“లేవదు.”

గడపమ్మకు తన నోట్లో ముద్ద ఎవరో లాక్కున్నట్టయింది.

“అమ్మాయ్, అది నాది,” అంది.

ఉపన్యాసకురాలు కాగితం చూసుకుంది. “నేనూ అలాగే అనుకున్నానమ్మా. అప్పట్లో మీ ఆట చూసిన మా నాన్న ఎప్పుడూ మీరన్నట్టే చెప్పేవారు. అచ్చులో మాత్రం బ్రాకెట్లో ఉంది. తర్వాత ఎవరు మార్చారో తెలియడం లేదు. పోనీ మీరే అంటారా?”

గడపమ్మ అప్పుడు చూసింది. కాగితం మీద, తన వేలి పక్కనే, చిన్న మాట. దానికి అటొక వంపు, ఇటొక వంపు. రెండు చేతుల మధ్య పట్టుకున్నట్టు. లేవదు. అంటే ఆ ఆడమనిషి లేవకుండా కూర్చోవాలని. చెయ్యాల్సిన సంగతి. అనాల్సిన మాట కాదు.

చెవులు వేడెక్కాయి. “వద్దొద్దు, అచ్చులో ఎలా ఉంటే అలాగే కానీండి. నాకే చూపు ఆనలేదు,” అంది గబగబా.

మర్నాడు పొద్దున కూతురు మిషను దగ్గర కూర్చుని ఉంటే, ఎదుట స్టూలు వేసుకుని కూర్చుంది.

“ఏంటమ్మా, బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావు నిన్నటి నుంచి?”

గడపమ్మ చివరి పేజీ చేతికిచ్చింది. కూతురు చూసింది. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మిషను తొక్కడం ఆగిపోయింది.

“అయ్యో అమ్మా! అయితే ఆ మాట...”

“రచయిత అనమని రాయలేదు. నేను అనేశాను. చదువు రాని మొద్దుని కాబట్టి అన్నాను. దానికి ఇన్నేళ్ళు జనం చప్పట్లు కొట్టారు.”

“మరి నాన్న వేలు ఎత్తేవాడుగా?”

గడపమ్మ రిహార్సల్ దగ్గర్నుంచీ తవ్వుకుంటున్నది అదే. తవ్వగా తవ్వగా ఆ పూట కళ్ళకు కట్టింది. మొదటి ఆటకు ముందురోజు చివరి రంగం చెప్పిన పూట కూతురికి పళ్ళొస్తున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. ఒకటే ఏడుపు, కింద దించితే గుక్కపట్టేది. అతను ఎడమచేతిలో పుస్తకం, కుడిచేతి మీద పిల్ల, గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ చదివాడు. ఆ చేతికి వేలు ఎత్తే వీలెక్కడిది?

“నీ వల్లేనే,” అంది గడపమ్మ.

“నా వల్లా?”

“నిన్ను ఎత్తుకుని ఉన్నాడు. చెయ్యి ఖాళీ లేదు.”

కూతురు ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత పగలబడి నవ్వింది. “అయితే ఆ చప్పట్లలో సగం వాటా నాది! ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే నొక్కేశావు.”

“నవ్వు, నవ్వు. రేపు ఆ హాల్లో నా మాట ఇంకో మనిషి అంటుంటే నేను బొమ్మలా కూర్చోవాలి. కాదు నాది అన్నాననుకో, బ్రాకెట్టంటే ఏంటో తెలియని దాన్నని నలుగురికీ తెలుస్తుంది. మీ నాన్నకీ మాటొస్తుంది. ఒక్క తప్పు పోనివ్వని ప్రాంప్టరని పేరు ఆయనకి.”

“అది సరే గానీ,” కూతురు నవ్వు ఆపింది, “నాన్న మొదటి ఆట రోజు పక్కనే ఉన్నాడు కదా? విన్నాడు కదా? మర్నాడు సరిచెయ్యొచ్చు కదా? ఎందుకు చెయ్యలేదు?”

గడపమ్మ స్టూలు మీద నుంచి లేచి, కిటికీ దగ్గర నిలబడింది. బయట రోడ్డు మీద ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు. ఆ చప్పుడు వింటూ వింటూ ఉండగా ఇంకో చప్పుడు గుర్తుకొచ్చింది. మొదటి ఆట అయ్యాక రచయిత తెర వెనక్కి వచ్చాడు. చెప్పుల కిర్రు గుర్తుంది ఆమెకు. తను మొహం రంగు తుడుచుకుంటోంది. ఆయన ఆమె వైపు రాకుండా సరాసరి ప్రాంప్టరు దగ్గరికి వెళ్ళి, “ఆ మాట ఎవరిదయ్యా?” అని అడిగాడు.

“ఆవిడదేనండి,” అన్నాడు అతను.

“అయితే అలాగే ఉంచండి,” అని రచయిత వెళ్ళిపోయాడు.

ఆ వేషం ఎవరిదని అడిగాడేమో అనుకుంది అప్పుడామె. ఇంటికి వెళ్ళే దారిలో మొగుడు “రేపు కూడా అలాగే చెప్పు” అన్నాడు. బాగా చేశానని మెచ్చుకుంటున్నాడనుకుంది. అతను ఆ తర్వాత ప్రతి ఆటలోనూ, ఆ చోటికి రాగానే, పక్క తెర వెనక పుస్తకం మూసేసేవాడు. ఇక అందించాల్సింది ఏమీ లేదు కనుక మూస్తున్నాడనుకునేది.

గడపమ్మ కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, “ఆ నీలం చీర ఇస్త్రీ చేసి పెట్టు,” అంది.

ఉపన్యాసం రోజు హాలు సగం పైన నిండింది. ముందు వరసల్లో తల నెరిసినవాళ్ళు, వెనక కాలేజీ పిల్లలు. ఉపన్యాసకురాలు బాగా మాట్లాడింది. ఒకప్పుడు నటులకు నాటకం మొత్తం ఇచ్చేవారు కాదని, ఎవరి మాటలు వాళ్ళకే రాసిచ్చేవారని చెప్పింది. కాగితం మీద ఉన్నది నాటకంలో సగమేనని, మిగతా సగం ఆడినవాళ్ళతో, చూసినవాళ్ళతో పోతుందని చెప్పింది. పోయిన సగాన్ని వెతుక్కోవడమే తన పని అంది. గడపమ్మ చెవులు రిక్కించి విన్నది. కూతురు మొదటి వరసలో కూర్చుని, తల్లి చీర కుచ్చెళ్ళు సరిగా ఉన్నాయా లేదా అని తప్ప ఇంకేమీ చూడడం లేదు.

చదవడం మొదలైంది. గడపమ్మ వేలు కాగితం మీద పెట్టింది. దాచుకోలేదు. పెద్ద దీపాల వెలుగులో ఆ వేలు అక్షరం తర్వాత అక్షరం దాటడం వెనక వరసకు కూడా కనిపిస్తోంది. కష్టమైన మాట దగ్గర ఒకసారి తడబడింది, మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఎవరూ కదల్లేదు.

“లే!” కుర్రవాడి గొంతు హాలంతా మోగింది.

“ఇది నా గడప.”

ఆగింది. ముందు వరసల్లో కొందరి పెదవులు అప్పటికే కదులుతున్నాయి. ఉపన్యాసకురాలు కాగితం మీదికి వంగింది. సరిగ్గా అప్పుడు గడపమ్మ కుడిచేతి చూపుడువేలు కాగితం మీద నుంచి లేచి, నిటారుగా గాలిలో నిలబడింది.

“లేవదు,” అని చదివింది ఉపన్యాసకురాలు.

వేలు ఇంకా పైనే ఉంది. గడపమ్మ లేవకుండా కూర్చుంది. రచయిత చెయ్యమన్నది చేసింది. హాల్లో ఎవరో నిరాశగా నిట్టూర్చారు. తర్వాత ఆమె వేలు దించింది. కాగితాన్ని నెమ్మదిగా మూసి ఒళ్ళో పెట్టుకుంది. పుస్తకం మూసినట్టే మూసింది.

“లేవదు,” అంది.

అదే చల్లటి గొంతు. వయసు మీద పడి కొంచెం గరుకెక్కింది, అంతే. హాలు ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత ఏమైందో రాయక్కర్లేదు. కూతురు మాత్రం చప్పట్లు కొట్టడం మరిచిపోయి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

సద్దుమణిగాక ఉపన్యాసకురాలు మైకు ఆమె వైపు తిప్పింది. “అమ్మా, రెండుసార్లు వినిపించింది. ఒకటి రచయితది. రెండోది?”

“నాది,” అంది గడపమ్మ. మైకు కీచుమంది. కొంచెం వెనక్కి జరిగి చెప్పింది. “అప్పట్లో నాకు చదువు రాదు. మా ఆయన చదివితే విని నేర్చుకునేదాన్ని. చెయ్యాల్సింది వచ్చినప్పుడు వేలెత్తేవాడు, ఇందాక నేను ఎత్తినట్టు. ఈ చోట ఎత్తలేదు. చేతిలో చంటిపిల్ల ఉంది. అదిగో, మొదటి వరసలో కూర్చుంది, ఆ పిల్లే.”

హాలంతా అటు తిరిగింది. కూతురు పమిట చెంగుతో మొహం కప్పుకుంది.

“ఎత్తలేదు కాబట్టి నేను అన్నాను. అన్నది విని రచయితగారే ఉంచమన్నారు. మా ఆయన తప్పు పోనివ్వని మనిషి. ఇది తప్పయితే మర్నాడే దిద్దేవాడు. అలాగే చెప్పమన్నాడు. ఈమధ్యే చదువు నేర్చుకున్నాను. నేర్చుకుని చూస్తే బ్రాకెట్లో ఉంది. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత అనుకున్నాను, రచయితగారు చెయ్యమని రాశారు, నేను చేశాను. పైన ఒక మాట కూడా అన్నాను. పని ఎక్కువే చేశాను కదా, తక్కువ చెయ్యలేదు కదా!”

నవ్వులు, చప్పట్లు కలిసిపోయాయి. ఉపన్యాసకురాలు గబగబా ఏదో రాసుకుంటూ, మధ్యలో కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. “నేను వెతుకుతున్న సగం ఇదేనమ్మా,” అంది.

జనం వెళ్ళిపోతున్నారు. ముందు వరసల వాళ్ళు వచ్చి గడపమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు. జనం పలచబడ్డాక ఉపన్యాసకురాలు ఆమె ఒళ్ళోని కాగితం చూపించి, “ఇది నాటకశాల అద్దాల బీరువాలో పెడతాం, మాకిస్తారా?” అని అడిగింది.

“ఇస్తాను. ముందు కలం ఇవ్వు.”

కుర్ర నటుడు జేబులోంచి తీసిచ్చాడు. “బ్రాకెట్లు కొట్టేస్తారా పెద్దమ్మా?”

“నేనెందుకు కొట్టేస్తాను? ఆయన రాసింది ఆయనది. ఉండనీ.”

గడపమ్మ కాగితం మోకాలి మీద పరుచుకుంది. బ్రాకెట్లో ఉన్న మాట కింద కొంచెం చోటు ఉంది. నాటకంలో ఎవరి మాటకు ముందు వాళ్ళ పేరు ఉంటుందని ఆమెకు ఇప్పుడు తెలుసు. పేరు రాయాలి. కరెంటు బిల్లు మీది పేరు రాయబోయి, ఆగి, ‘గడపమ్మ’ అని రాసింది. మకారం కింద వత్తు మరిచిపోకుండా పెట్టింది. పక్కన రెండు చుక్కలు పెట్టింది. తర్వాత ‘లే’ దగ్గర ఏత్వం కొంచెం వంకర పోయింది. దాన్ని సరిచెయ్యబోయి, ఎందుకులే అని వదిలేసింది.

ఈలోగా కాపలా మనిషి తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చాడు. “హాలు మూసెయ్యాలండీ, ఇక లేవండి.”

గడపమ్మ తలెత్తలేదు. ఇంకా రెండక్షరాలు మిగిలి ఉన్నాయి.

“లేవదు,” అంది కూతురు, తల్లి కుర్చీ వెనక నిలబడి. “కాసేపు ఆగండి.”